ఇచ్చిందెంత, పుచ్చుకున్నదెంత



స్నానాల గది దగ్గర మొదలుపెడతాను. బకెట్లో 20 లీటర్ల చన్నీళ్ళున్నాయి. చలికాలం పొద్దున కుళాయి కింద పట్టినవి, 25 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. పొయ్యి మీద నీళ్ళు సలసల మరుగుతున్నాయి, అవి 100 డిగ్రీలు. ఒంటికి హాయిగా ఉండాలంటే 40 డిగ్రీలు చాలు. మరిగే నీళ్ళు ఎన్ని లీటర్లు కలపాలి? కాగితం అక్కర్లేదు. వింటూ మనసులో వేసుకోండి, జవాబు కాసేపట్లో చెబుతాను.

మా అమ్మమ్మ ఈ లెక్క రోజూ చేసేది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే నీళ్ళు కలిపే పని ఇంకెవరికీ అప్పగించేది కాదు. గంగాళంలో ఎడమచెయ్యి పెట్టి తిప్పుతూ, కుడిచేత్తో కాగులో నీళ్ళు చెంబుతో ముంచి పోసేది. రెండు చెంబులు పోసి ఆగేది. ఇంకో అరచెంబు పోసి, మళ్ళీ చెయ్యి తిప్పేది. "చాలు, బిడ్డను తీసుకురండే" అని కేకేసేది. ఆమె దగ్గర థర్మామీటరు లేదు. అయినా ఆ చెయ్యి తిప్పడం ఉంది చూశారూ, దాని విలువ నాకు కాలేజీ ప్రయోగశాలలో అడుగుపెట్టాక తెలిసింది. అడుగున చన్నీళ్ళు, పైన వేణ్ణీళ్ళు ఉండగా కొలిస్తే ఏ కొలతా నిజం చెప్పదు.

సరే, లెక్కకు వద్దాం. ఒక కిలో నీళ్ళను, అంటే ఒక లీటరును, ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఎంత ఉష్ణం కావాలో దాన్ని ఒక కిలోకెలోరీ అంటాం. మన బకెట్లో 20 లీటర్లు 25 నుంచి 40కి ఎక్కాలి, అంటే 15 డిగ్రీలు. 20 పదిహేనులు 300. బకెట్ పుచ్చుకోవలసింది 300 కిలోకెలోరీలు. ఇచ్చేవాళ్ళెవరు? మరిగే నీళ్ళు. అందులో ప్రతి లీటరూ 100 నుంచి 40కి దిగుతుంది. దిగుతూ దిగుతూ 60 కిలోకెలోరీలు ఇచ్చిపోతుంది. 300ని 60తో భాగిస్తే 5. అయిదు లీటర్లు పోస్తే సరిపోతుంది.

కెలోరిమితి అనే పెద్ద పేరుతో పదో తరగతి నుంచి పిల్లల్ని భయపెట్టే పాఠం మొత్తం ఇదే. ఇచ్చిందెంత, పుచ్చుకున్నదెంత. రెండూ సమానం. ఊళ్ళో కిరాణా కొట్టు పద్దు పుస్తకం ఎలా రాస్తారో అలాగే. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్న సామెత ఇంటి రాబడి గురించి పుట్టింది గాని, ఆ తోడులో జమాఖర్చు ఉందని మన పెద్దలకు తెలుసు.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. ఈ పాఠంలో తడబడే పిల్లలు లెక్కల్లో వెనకబడినవాళ్ళు కారు. గుణకారాలూ భాగహారాలూ వాళ్ళకు బాగానే వచ్చు. పద్దు రాసుకోకముందే సూత్రం మీద పడతారు, అదొక్కటే ఇబ్బంది. ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతో గుణించు, దాన్ని ఉష్ణోగ్రత తేడాతో గుణించు అని కంఠతా పట్టి, కనబడిన అంకెలన్నీ అందులో పోసేస్తారు. ఎవరు ఇస్తున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు, మధ్యలో ఎవరైనా వాటా కొట్టేస్తున్నారా అని అడగరు. ఈ పూట ఆ అడగడం గురించే మాట్లాడాలని వచ్చాను.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. అది మన మాటల్లోనే ఉంది. నులివెచ్చన, గోరువెచ్చన, వెచ్చన, వేడి, చుర్రుమనే వేడి, సలసల మరిగే వేడి, ఎన్ని మెట్లున్నాయో చూడండి. ఇవన్నీ ఉష్ణోగ్రతను చెప్పే మాటలు. చెయ్యి పెడితే తెలిసేవి. ఉష్ణం ఎంత ఉందో, అంటే ఆ వేడి సరుకు ఎంత పరిమాణంలో ఉందో చెప్పడానికి మాత్రం వాడుకలో మాట లేదు. రెండింటికీ వేడి అనే అంటాం. గ్లాసుడు మరిగే నీళ్ళు ఒకవైపు, గంగాళం నిండా గోరువెచ్చని నీళ్ళు మరోవైపు పెట్టి ఏది వేడి అని అడిగితే గ్లాసు అంటాం. అది నిజమే. కానీ చల్లటి గదిని వెచ్చబరచడానికి ఏది పనికొస్తుంది? 200 గ్రాముల గ్లాసు 100 నుంచి 25కి దిగితే ఇచ్చేది 15 కిలోకెలోరీలు. 50 లీటర్ల గంగాళం 35 నుంచి 25కి దిగితే ఇచ్చేది 500. చెంబు ఎత్తు వేరు, చెంబులో పట్టే నీళ్ళు వేరు. ఉష్ణోగ్రత ఎత్తులాంటిది, ఉష్ణం నీళ్ళలాంటిది.

ఇప్పుడు నీళ్ళలో నీళ్ళు కలపడం మానేసి, నీళ్ళలో ఇనుము వేద్దాం. పాత కిరాణా కొట్లలో ఉండే కిలో తూకపు రాయి తీసుకోండి. పేరుకు రాయే గాని పోత ఇనుము. దానికి తాడు కట్టి మరిగే నీళ్ళలో పావుగంట ఉంచండి. అప్పటికి అది 100 డిగ్రీలకు వస్తుంది. వేరే గిన్నెలో సరిగ్గా ఒక లీటరు నీళ్ళు, 30 డిగ్రీలవి, పెట్టుకోండి. రాయిని పైకి తీసి, తడి దులిపి, గబుక్కున ఆ గిన్నెలో దింపి కలపండి. ఉష్ణోగ్రత ఎంతకు చేరుతుంది?

తరగతిలో అడిగితే సగం మంది 65 అంటారు. కిలోకి కిలో కదా, 100కీ 30కీ నడిమధ్య 65 కదా అని. థర్మామీటరు మాత్రం 37 దగ్గర ఆగిపోతుంది. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చన, అంతే. అప్పుడు పిల్లల మొహాలు చూడాలి. ఎక్కడో తప్పు జరిగిందని మళ్ళీ చేస్తారు. మళ్ళీ 37 చుట్టుపక్కలే.

కారణం, ఇనుము దగ్గర ఉన్న సరుకు తక్కువ. కిలో నీళ్ళు ఒక డిగ్రీ ఎక్కాలంటే ఒక కిలోకెలోరీ కావాలి. కిలో ఇనుముకు 0.11 చాలు, అంటే సుమారు తొమ్మిదో వంతు. ఇనుము తొమ్మిది డిగ్రీలు దిగితే గాని నీళ్ళు ఒక్క డిగ్రీ ఎక్కవు. రెండింటి మధ్య ఉన్న తేడా 70 డిగ్రీలు. దాన్ని పది వాటాలు వేస్తే వాటాకు 7. తొమ్మిది వాటాలు ఇనుము దిగింది, ఒక్క వాటా నీళ్ళు ఎక్కాయి. 30కి 7 కలిపితే 37. ఇలా వాటాల్లో చెబితే సూత్రం పేరెత్తకుండానే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేసేస్తారు. నా అనుభవంలో ఇంతకంటే తేలిక దారి లేదు.

ఆ 0.11నే ఇనుము విశిష్టోష్ణం అంటాం. అల్యూమినియానికి 0.21, రాగికి 0.09, పాదరసానికి 0.033, సీసానికి 0.031. నీటికి 1. ఈ వరుసలో నీరు ఎంత ఎత్తున కూర్చుందో గమనించండి. దాని సంగతి తరువాత చెబుతాను.

ప్రయోగం చేయబోయే పిల్లలకు రెండు జాగ్రత్తలు. జ్వరం చూసే థర్మామీటరు వాడకండి, అది 42 డిగ్రీలు దాటి చూపదు, మరిగే నీళ్ళలో పెడితే పగులుతుంది. ప్రయోగశాలలో ఉండే 110 డిగ్రీల థర్మామీటరు కావాలి. రెండోది, హైదరాబాదులో ఉన్నవాళ్ళకు. మీ ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. మీ దగ్గర నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. మచిలీపట్నంలో అయితే 100. లెక్కలో 100 అని గుడ్డిగా వేయకుండా, కొలిచి వేయండి.

పద్దులో ఇంకొకరు ఉన్నారు, మనం మరచిపోయాం. గిన్నె. నీళ్ళతోపాటు గిన్నె కూడా వేడెక్కింది కదా, దానికీ వాటా పోయింది. 300 గ్రాముల స్టీలు గిన్నె అయితే, అది తినే ఉష్ణం 36 గ్రాముల నీళ్ళు తినేంత. అందుకే గిన్నెను వేరే వస్తువుగా లెక్కించే బదులు, ఇంకో 36 గ్రాముల నీళ్ళు ఉన్నాయని అనుకుంటే సరిపోతుంది. దీన్నే జలతుల్యాంకం అంటారు. పరీక్షలో గిన్నె మాట ఎత్తకపోతే ఫరవాలేదు, ఎత్తితే మాత్రం అది అలంకారం కోసం ఇవ్వలేదని తెలుసుకోవాలి.

ఒక్కో పదార్థం విశిష్టోష్ణం ఒక్కోలా ఉంటుందని తేల్చినవాడు ఒక అధ్యాపకుడు. అందుకే ఆయన కథ చెప్పడం నాకు ఇష్టం. పేరు జోసెఫ్ బ్లాక్, వైద్యుడు, రసాయనశాస్త్రవేత్త. 1760 ప్రాంతాల్లో స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. వస్తువు ఎంత బరువుంటే అంత ఉష్ణం పట్టుకుంటుందని అప్పటి పండితుల నమ్మకం. పాదరసం నీటికంటే పదమూడున్నర రెట్లు బరువు. కాబట్టి చెంబుడు పాదరసం చెంబుడు నీళ్ళకంటే అన్ని రెట్లు ఉష్ణం పట్టాలి. కానీ అంతకు ముందే ఫారెన్‌హీట్ సమాన పరిమాణాల్లో పాదరసాన్నీ నీటినీ కలిపి చూశాడు. పాదరసం నీటితో సమానంగా కూడా నిలబడలేదు, తక్కువ పట్టింది. ఆ ప్రయోగాన్ని హాలండు పండితుడు బోర్‌హావె తన గ్రంథంలో రాశాడు. అయినా అందులో దాగిన అర్థం ఎవరికీ తట్టలేదు. బ్లాక్‌కు తట్టింది. బరువును బట్టి కాదు, పదార్థపు గుణాన్ని బట్టి ఉష్ణం పడుతుందన్నాడు. ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అని విడదీశాడు. ఇదంతా పుస్తకంగా అచ్చు వేయించలేదు, విద్యార్థులకు చెప్పాడు. ఆయన 1799లో పోయాక, మిత్రుడు జాన్ రాబిసన్ ఆ ఉపన్యాసాలను 1803లో అచ్చులోకి తెచ్చాడు.

మన ప్రయోగశాలకు తిరిగి వద్దాం. నిగనిగలాడే రాగి గ్లాసు, దాని చుట్టూ దూది కూరిన చెక్కపెట్టె, పైన మూత, మూతలో రెండు కన్నాలు. ఒకదాంట్లో థర్మామీటరు, ఇంకోదాంట్లో నీళ్ళు కలిపే రాగి కడ్డీ. కెలోరీమీటరు అంటే ఇంతే. మా అమ్మమ్మ గంగాళానికి దూది తొడిగితే ఇదే. ఇందులో సీసపు గుళ్ళు వేసి సీసం విశిష్టోష్ణం కనుక్కోవాలి.

ఒక ఏడాది ఒక అమ్మాయి మూడుసార్లు చేసింది. మూడుసార్లూ 0.06 వచ్చింది. పుస్తకంలో 0.031 ఉంది. పక్క బల్లల వాళ్ళు రీడింగులు దిద్దుకుని పుస్తకంలో ఉన్న అంకె రాసేసి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి వెళ్ళలేదు.

"సార్, మూడుసార్లు ఒకేలా వచ్చింది. తప్పయితే ఒకేలా ఎందుకొస్తుంది సార్?" అంది.

ఆ ప్రశ్న నన్ను నిలబెట్టేసింది. "గుళ్ళు ఎలా వేడి చేశావమ్మా?" అన్నాను.

"ఆవిరి గొట్టం ఖాళీగా లేదు సార్. బీకరు నీళ్ళలో వేసి మరిగించి, వడగట్టి వేశాను."

జవాబు దొరికింది. గుళ్ళకు అంటుకున్న తడి! సీసం విశిష్టోష్ణం నీటిలో ముప్ఫైరెండో వంతు. అంటే ఒక్క గ్రాము వేడి నీరు 32 గ్రాముల సీసంతో సమానంగా ఉష్ణం మోసుకొస్తుంది. ఆ అమ్మాయి 100 గ్రాముల గుళ్ళు వేసింది. వాటితో 3 గ్రాముల తడి వచ్చి ఉంటే చాలు, సీసం ఇచ్చినంత ఉష్ణం ఆ తడి కూడా ఇస్తుంది. జవాబు దాదాపు రెట్టింపు అవుతుంది. ఇద్దరం కలిసి గుళ్ళను పొడి గొట్టంలో పోసి, గొట్టాన్ని ఆవిరిలో పెట్టి వేడి చేశాం. ఈసారి 0.033 వచ్చింది. ఆమె 0.06 వచ్చిన పేజీని కొట్టేయలేదు, కింద కారణం రాసింది. నేను ఆ రికార్డుకు పూర్తి మార్కులు వేశాను. ఈనాటికీ పిల్లలకు నేను చెప్పేది అదే. రీడింగు దిద్దకండి, దొంగ ఎవరో పట్టుకోండి.

అసలు ఆ ప్రయోగంలో ఇంకో లోటు కూడా ఉంది. 100 గ్రాముల సీసం, 100 గ్రాముల నీళ్ళు తీసుకుంటే నీళ్ళు ఎక్కేది రెండు డిగ్రీలే. థర్మామీటరు చదవడంలో అర డిగ్రీ తేడా వస్తే జవాబులో పాతిక శాతం గల్లంతు. సీసం అరకిలో తీసుకోండి, నీళ్ళు 30 నుంచి 39 దాకా ఎక్కుతాయి, అర డిగ్రీ తప్పు అంతగా బాధించదు. ఇంకో ఉపాయం రంఫర్డ్ అనే ఆయనది. నీళ్ళను గది ఉష్ణోగ్రతకంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా మొదలుపెట్టి, అంతే వెచ్చగా ముగిసేలా చూసుకోమన్నాడు. మొదటి సగంలో గది నుంచి వచ్చిన ఉష్ణం, రెండో సగంలో గదిలోకి పోయిన ఉష్ణం ఒకదానికొకటి చెల్లు. పద్దులో కారే చోటును మూయలేకపోతే, రెండువైపులా సమానంగా కారనివ్వడమన్నమాట.

నీటి విశిష్టోష్ణం గొప్పతనం తరువాత చెబుతానన్నాను. మే నెల మధ్యాహ్నం విశాఖ రామకృష్ణ బీచికి వెళ్ళి చెప్పులు విడిచి చూడండి. ఇసుకలో నాలుగు అడుగులు వేయలేం. అదే ఎండ కాసిన సముద్రం చల్లగా ఉంటుంది. పుస్తకాల్లో దీనికి విశిష్టోష్ణం ఒక్కటే కారణమని రాస్తారు. ఇసుకది 0.2 లోపు, నీటిది 1, నిజమే, కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టడం నాకు నచ్చదు. అయిదు రెట్ల తేడాతో అంత వ్యత్యాసం రాదు. ఇసుకలో ఎండ పైపొరలోనే ఆగిపోతుంది, కొన్ని అంగుళాలు తవ్వితే చల్లగా తగులుతుంది. నీళ్ళలో వెలుగు లోతుకు దిగుతుంది, అలలు కలియబెడతాయి, పైనుంచి ఆవిరి పోతూ ఉంటుంది. అంటే ఎండ ఇచ్చిన ఉష్ణాన్ని ఇక్కడ గుప్పెడు ఇసుక పుచ్చుకుంటే, అక్కడ బావెడు నీరు పంచుకుంటోంది. పద్దులో విశిష్టోష్ణం ఒక గడి మాత్రమే, బరువు ఇంకో గడి.

ఇక అసలైన ఉచ్చు. మంచు లెక్క. అరలీటరు నీళ్ళు, 30 డిగ్రీలవి. అందులో సున్నా డిగ్రీల ఐసు 200 గ్రాములు వేశాం. చివరి ఉష్ణోగ్రత ఎంత?

మంచు కరగడానికి ప్రతి గ్రాముకూ 80 కెలోరీలు కావాలి, కెలోరీ అంటే కిలోకెలోరీలో వెయ్యో వంతు. ఈ 80 వల్ల ఉష్ణోగ్రత ఒక్క పిసరు కూడా పెరగదు, గడ్డ నీరు కావడానికే ఖర్చయిపోతుంది. అందుకే దానికి గుప్తోష్ణం అని పేరు. ఇది కనిపెట్టింది కూడా బ్లాకే. ఆయన వాదన చూడండి, ఎంత సూటిగా ఉందో. మంచు కరిగే స్థితికి వచ్చాక ఇంకాస్త ఉష్ణం తగిలితే మొత్తం ఒక్కసారి కరిగిపోయేటట్లయితే, వసంతం రాగానే కొండల మీది మంచంతా ఒక్కరోజులో నీరై ఊళ్ళను ముంచెత్తాలి. అలా జరగడం లేదు, వారాల తరబడి నెమ్మదిగా కరుగుతోంది. కాబట్టి కరగడానికి చాలా ఉష్ణం పడుతోంది. ప్రయోగశాల అక్కర్లేకుండా, కిటికీలోంచి చూసి చేసిన తర్కం అది.

మన లెక్కలో ఎక్కువ మంది పిల్లలు సూత్రం రాసి, అంకెలు పోసి, మైనస్ 1.4 డిగ్రీలు అని తేల్చి కింద రెండు గీతలు గీస్తారు. 30 డిగ్రీల నీళ్ళలో సున్నా డిగ్రీల మంచు వేస్తే, సున్నాకంటే చల్లగా ఎలా అవుతుంది? ఇద్దరి దగ్గరా లేని చల్లదనం మూడోది ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు రెండు ఉష్ణోగ్రతల నడుమ ఉండి తీరాలి, ఆ ఒక్క పరీక్ష చేసినా పట్టుబడేది.

పద్దు రాసుకుందాం. నీళ్ళు ఎంత ఇవ్వగలవు? సున్నాదాకా దిగితే, 500 గ్రాములు ఇంటూ 30, అంటే 15,000 కెలోరీలు. అంతకు మించి వాటి దగ్గర లేదు. మంచు మొత్తం కరగడానికి ఎంత అడుగుతోంది? 200 ఇంటూ 80, అంటే 16,000. అడిగింది ఎక్కువ, ఉన్నది తక్కువ. కాబట్టి మంచు మొత్తం కరగదు. 15,000ని 80తో భాగిస్తే 187న్నర గ్రాములు కరుగుతుంది, పన్నెండున్నర గ్రాముల ముక్క తేలుతూ మిగులుతుంది. ఉష్ణోగ్రత సున్నా. అదే మంచు 100 గ్రాములే వేస్తే? కరగడానికి 8,000 పోతుంది, ఇంకా 7,000 మిగులుతుంది, అది 600 గ్రాముల నీటికి పంచితే 11.7 డిగ్రీలు. ముందు సంచిలో డబ్బెంత ఉందో చూసుకుని తరువాత బేరమాడాలి. మంచు లెక్కల్లో సూత్రం రెండో అడుగు, మొదటి అడుగు ఈ చూసుకోవడం.

ఆవిరి వైపు వెళితే అంకెలు ఇంకా పెద్దవి. నీరు ఆవిరి కావడానికి గ్రాముకు 540 కెలోరీలు. ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి కాలిన తల్లులకు ఇది లెక్క చెప్పకుండానే తెలుసు. మరిగే నీరు ఒక గ్రాము చేతి మీద పడితే 100 నుంచి 37కి దిగుతూ 63 కెలోరీలు ఇస్తుంది. అదే ఒక గ్రాము ఆవిరి తగిలితే ముందు నీరు కావడానికి 540 ఇచ్చి, ఆపైన ఆ 63 కూడా ఇస్తుంది. మొత్తం 603. దాదాపు పది రెట్లు. మూతను మనవైపు కాకుండా అవతలివైపు ఎత్తమని మీ పిల్లలకు నేర్పండి.

అదే ఉష్ణం తిరగబడితే కుండలో నీళ్ళు చల్లబడతాయి. మామూలు వేడిలో ఆవిరి కావడానికి గ్రాముకు సుమారు 580 కెలోరీలు పడుతుంది. 10 లీటర్ల కుండ గోడల్లోంచి 100 గ్రాముల నీరు ఆవిరైతే 58 కిలోకెలోరీలు పట్టుకుపోతుంది. బయటి నుంచి వేడి రాకపోతే లోపలి నీళ్ళు ఆరు డిగ్రీలకు దగ్గరగా దిగాలి. వస్తుంది కాబట్టి అంత దిగవు.

మంచు కరగడాన్నే కొలబద్దగా చేసుకున్న ఇద్దరు ఫ్రెంచివాళ్ళున్నారు, లవోజియే, లాప్లాస్. 1782-83 చలికాలంలో వాళ్ళు మంచు కెలోరీమీటరు కట్టారు. నడుమ ఒక బుట్ట, దాని చుట్టూ ఒక పొర మంచు, దానికి బయట ఇంకో పొర మంచు. బుట్టలో ఉన్నది ఇచ్చే ఉష్ణం లోపలి మంచును కరిగిస్తుంది, ఆ నీటిని తూచి ఉష్ణం లెక్కగడతారు. మరి బయటి పొర ఎందుకు? గది నుంచి వచ్చే వేడిని అది ఆపేస్తుంది. బయటి మంచు కరిగి, లోపలి మంచును కాపాడుతుంది. రెండూ సున్నా డిగ్రీలే కాబట్టి వాటి మధ్య ఉష్ణం కదలదు. ఆ రెండో పొర ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది.

ఆ బుట్టలో వాళ్ళు ఒక గినీపందిని కూర్చోబెట్టారు. పది గంటల్లో 13 ఔన్సుల మంచు కరిగింది. మన తూకంలో సుమారు 400 గ్రాములు. 400 ఇంటూ 80, అంటే 32 కిలోకెలోరీలు. ఆ జంతువు ఊపిరిలో వదిలే వాయువును కొలిచి, అంతే వాయువు వచ్చేటట్టు బొగ్గును కాల్చితే ఎంత మంచు కరుగుతుందో చూశారు. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా వచ్చాయి. శ్వాస అంటే నెమ్మదిగా జరిగే దహనమే అని తేల్చారు. పొయ్యిలో మండేదీ, మన ఒంట్లో మండేదీ ఒకే పద్దులో రాసుకోవచ్చని లోకానికి మొదట చూపించింది ఆ పెట్టె.  ఈ రోజు బిస్కెట్ ప్యాకెట్ వెనకాల అచ్చయ్యే కిలోకెలోరీ ఆ పనికి వారసత్వమే.

కరెంటు బిల్లుకు కూడా ఈ పద్దే పనికొస్తుంది. 1840లలో ఇంగ్లండులో జేమ్స్ జూల్ నీళ్ళ పీపాలో తెడ్లు తిప్పి, బరువులు కిందికి దిగుతూ చేసే పని నీళ్ళను ఎంత వేడెక్కిస్తుందో కొలిచాడు. ఒక కెలోరీకి సుమారు 4.2 జూల్స్ అని ఆ మారకం ధర ఇప్పుడు మనకు తెలుసు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జూల్స్. మార్చి చూస్తే 860 కిలోకెలోరీలు. ఈ 860 ఒక్కటి గుర్తుంచుకోండి. మీ 15 లీటర్ల గీజరు నీళ్ళను 25 నుంచి 60కి తేవాలంటే 15 ఇంటూ 35, అంటే 525 కిలోకెలోరీలు. 860తో భాగిస్తే 0.61 యూనిట్లు. రెండు కిలోవాట్ల గీజరుకు 18 నిమిషాలు చాలు. మీ ఇంట్లో 25 నిమిషాలు పడుతోందా? అయితే నీళ్ళు 25 కంటే చల్లగా వస్తున్నాయేమో, వోల్టేజి తక్కువగా ఉందేమో, డబ్బా గోడల నుంచి కారిపోతోందేమో చూడండి. గడియారం పట్టుకుని ఒక ఆదివారం పొద్దున పిల్లలతో చేయించండి. బడిలో నేర్చినది ఇంట్లో నిజమైతే వాళ్ళు మరచిపోరు.

వెళ్ళేముందు ఒక లెక్క మీకిచ్చి వెళతాను. ఒక పాత ఇంట్లో అటక మీద రంగు పూసిన గంట దొరికింది. ఇత్తడిదని ఒకరు, ఇనుముదని ఒకరు వాదించుకుంటున్నారు. గీకి చూడటం ఇంటివాళ్ళకు ఇష్టం లేదు. గంట కిలోన్నర తూగింది. దాన్ని మరిగే నీళ్ళలో ఉంచి 100 డిగ్రీలకు తెచ్చి, తడి బాగా తుడిచి, 28 డిగ్రీల నీళ్ళు రెండు లీటర్లలో దింపి కలిపారు. నీళ్ళు 32న్నర డిగ్రీలకు చేరాయి. గిన్నె వాటా పక్కన పెట్టండి. ఇనుము విశిష్టోష్ణం 0.11, ఇత్తడిది 0.09. ముందు నీళ్ళు ఎంత పుచ్చుకున్నాయో రాయండి, తరువాత గంట ఎన్ని డిగ్రీలు దిగిందో చూడండి. రంగు గీకకుండానే ఆ గంట దేనిదో చెప్పండి.